పడే దొర, మా అయ్య

పోయిన నెల క్లాంగ్‌లో ఈ మలయాలో ఉన్న మన తెలుగువాళ్ళ విందు జరిగితే వెళ్ళాను. ఇలాంటి వాటికి నేను తరచూ వెళ్ళను. తెల్లారి దీపం పెట్టి, అప్పన్న స్వామికి దండం పెట్టుకుని, నిన్నటి రోజు గడిపించినందుకు ఆయనకు చెప్పవలసిన మాట చెప్పుకుని ఇంటిపట్టున ఉండటమే నా అలవాటు. కోడలు బతిమాలితే కాదనలేకపోయాను. భోజనం బాగుంది. వడ్డించిన పిల్లలు వంగి, అడిగి, మర్యాదగా వడ్డించారు. వాళ్ళ చేతులు చల్లగుండాలి.

విస్తరి ముందు కూర్చున్నాక ఒక పెద్దమనిషి మైకు పట్టుకున్నాడు. ఆయన మా పాత కొబ్బరి తోటలో పెద్ద కిరాణిగా చేసినాయన మనవడు. తోట ఆఫీసులో గుమాస్తాను మేం కిరాణి అనేవాళ్ళం. దొర మాటను కూలీలకు, కూలీల మాటను దొరకు చేరవేసేది ఆయనే. మనవడు తాతగారి గొప్పలు చెబుతూ చెబుతూ, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర లా తగిలించి, ఈ మాట అన్నాడు:

"ఎమర్జెన్సీ టైములో మా తాతగారు డ్రామాలు పెట్టించి మన జనాన్ని కాపాడారు. అందులో బందిపోటు వేషం వేసి పల్టీలు కొట్టే బఫూను ఒకడుండేవాడట. పాపం, వాడికి వచ్చింది అదొక్కటేనట లా! తాతగారే ఛాన్సిచ్చి పైకి తెచ్చారు."

అందరూ నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న కోడలు కూడా నవ్వింది. ఆమెకేం తెలుసు.

ఆ బఫూను మా అయ్య.

నేను విస్తరి మడిచేశాను. ఇంటికొచ్చి దీపం ముందు కూర్చుంటే దండం పెట్టడానికి చేతులు కలవలేదు. నా మొగుడు చనిపోయిన ఏడు కూడా, బాధ పడకుండా తీసుకెళ్ళావు తండ్రీ అని దండం పెట్టినదాన్ని. అలాంటి నాకు ఆ పూట కోపం తప్ప ఇంకేమీ రాలేదు. ఆ కోపం ఇవాళ్టికీ దిగలేదు. దిగాలని నేను ప్రార్థించనూ లేదు. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. మా అమ్మ కొబ్బరి ఎండబెట్టే కొప్రా బట్టీ బూడిదలో వేలు పట్టి దిద్దిస్తే వచ్చిన అక్షరాలివి. వాటితోనే రాస్తున్నాను.

మా అయ్య బందిపోటు వేషం వేసింది ఒక్కసారి. అంతకుముందు ఆయన జీవితమంతా వేసింది దొర వేషం.

మా తోట బాగన్ దాతుక్ వైపు, సముద్రం దగ్గర. ఎటు చూసినా కొబ్బరి. అయ్య విశాఖపట్నం జిల్లా నుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చినవాడు. కొప్రా బట్టీలో మంట చూసేవాడు. పెళ్ళి కాకముందు, తెలోక్ ఆన్సన్ పట్నంలో గుడారం వేసి మూగ సినిమాలు ఆడిస్తుంటే, నెలకోసారి అంతదూరం నడిచి వెళ్ళి చూసేవాడట. అందులో ఒక ఫ్రెంచి హాస్యగాడు వచ్చేవాడు. బిగుతు కోటు, చిన్న టోపీ, చెంపలకు పిండి. ఆయన పేరు మావాళ్ళలో ఎవరికీ తెలియదు. పడే దొర అనేవారు.

ఆయన చేసిందల్లా పడటం. నిచ్చెన మీంచి పడేవాడు, నీళ్ళ తొట్టిలో పడేవాడు, పెళ్ళివారి బల్ల మీద పడేవాడు. అన్నిటికంటే అయ్యకు నచ్చింది పింగాణీ కంచాల ఆట. తలకంటే ఎత్తు కంచాల దొంతర రెండు చేతులా పట్టుకుని, మామగారిని మెప్పించాలని పెద్దింటి హాల్లోంచి నడుస్తాడు. నేల నున్నగా ఉంటుంది. కాలు జారుతుంది. కంచాలను కాపాడాలని అటు వంగి, ఇటు వంగి, ఒంటికాలి మీద నిలబడి, మొత్తం కాపాడేశాడు అని మనం ఊపిరి వదిలేసరికి, పడతాడు. కంచాలన్నీ పగులుతాయి. ఆయన వెల్లకిలా పడి ఉంటాడు.

అయ్య దీన్ని ఆడి చూపితే మా లయాల్లో, అంటే కూలీల వరస ఇళ్ళలో, జనం ఎందుకు అంతలా నవ్వేవారో క్లాంగ్‌లో ఏసీ హాల్లో కూర్చున్నవాళ్ళకు చెబితే తెలుస్తుందో లేదో. మా తోట దొర దారిలో ఎదురైతే సైకిలు దిగాలి. ఎండైనా వానైనా గొడుగు ముడవాలి. దొర ఏనాడూ పడడు. గుర్రం మీంచి పడడు, మోటారు సైకిలు మీంచి పడడు, తాగినా పడడు. అలాంటిది, తెల్ల మొహం, కోటు, టోపీ ఉన్న మనిషి అందరి ముందూ దబ్బున పడితే మా ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవారు.

అయ్య ఆ ఆటను మా రామ మందిరం ముందు ఆడేవాడు. శ్రీరామనవమికి పద్యనాటకం వేస్తే, రెండు రంగాల మధ్య వేషాలు మార్చుకునేటప్పుడు ఆయన వచ్చేవాడు. పింగాణీ ఎక్కడిది? కొబ్బరి చిప్పలు. అరచిప్పలన్నీ ఒకదానిలో ఒకటి దూర్చి, తలదాకా దొంతర పేర్చి పట్టుకుని వచ్చేవాడు. ఆ చిప్పలు అరుగు మీద రాలితే వచ్చే చప్పుడు సముద్రం దాకా వినబడేదని అమ్మ అనేది.

పాత కోటు ఒకటి ఉండేది. దాని లోపల తుంటి దగ్గర, మోచేతుల దగ్గర, వీపున అమ్మ బూరుగు దూది పెట్టి కుట్టేది. గింజలు ఏరే పని నాది. ఒక గింజ మిగిలినా అయ్యకు గుచ్చుకుంటుందని నేను మళ్ళీ మళ్ళీ వెదికేదాన్ని.

"ఒలే, ఈపుకాడ పల్సగా ఉందే," అనేవాడు అయ్య కోటు తొడిగి.

"పడేది నువ్వు, కుట్టేది నాను. కుర్చీలో కూకునే పాత్ర ఒకటి అడక్కూడదేటి మావా?" అనేది అమ్మ.

అయ్య ఆటలో ఒక తప్పు ఉండేది. అది తప్పని మాకెవరికీ తెలియదు. అయ్య పడ్డాక లేచేవాడు కాదు. హార్మోనీ మొదలై తరవాతి రంగం వాళ్ళు వచ్చేదాకా అలాగే పడి ఉండేవాడు. ఇద్దరు వచ్చి కాళ్ళు పట్టి ఈడ్చుకుపోయేవారు. జనం దానికి ఇంకా నవ్వేవారు. ఇది తప్పని చెప్పినవాడు ఫ్రెంచి సామియార్.

మా తోటలో కొన్ని తమిళ క్రైస్తవ కుటుంబాలుండేవి. వాళ్ళకోసం ఒక ముసలి ఫ్రెంచి ఫాదిరీ సైకిలు మీద వచ్చేవాడు. తెల్ల అంగీకి మోకాళ్ళదాకా బురద. తమిళం మా అందరికంటే బాగా మాట్లాడేవాడు. అందుకే తమిళవాళ్ళలాగే సామియార్, అంటే స్వామి, అనేవాళ్ళం. ఒక నవమికి ఆయన దారిన పోతూ ఆగి అయ్య ఆట చూశాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, ఆట అయ్యాక వేషాలు కట్టుకునే చాటుకు వచ్చాడు.

"బాగా చేశావు. కానీ ఆయన లేవలేదేం?" అన్నాడు తమిళంలో.

"ఎవరు సామీ?"

"మా దేశంవాడు. నువ్వు ఆడింది ఆయన్నే కదా? ఆయన ప్రతిసారీ లేస్తాడయ్యా. లేచి, టోపీకి దుమ్ము దులిపి, తలకు పెట్టుకుని, అందరికీ వంగి, దర్జాగా వెళ్ళిపోతాడు."

అయ్య నోరు తెరిచాడు. గుడారంలో ఆడిన రీళ్ళు ఎన్నో దేశాలు తిరిగి అరిగిపోయిన పాత సరుకు. రీలు చివరి ముక్క ముందుగా తెగిపోతుంది. తెగినదాన్ని గుడారంవాడు కోసి పారేసేవాడు. అందుకని తెలోక్ ఆన్సన్‌లో ఆ దొర పడ్డవాడు పడ్డట్టే ఉండిపోయాడు.

ఆ రోజు నుంచి సామియార్ తోటకు వస్తే బట్టీ మెట్ల మీద కూర్చోకుండా వెళ్ళేవాడు కాదు. అమ్మ పాలడబ్బా టీ ఇచ్చేది. అప్పటికి ఎమర్జెన్సీ, అంటే తెల్లవాళ్ళ సర్కారుకూ అడవిలో చేరిన కమ్యూనిస్టులకూ పోరు, మొదలైంది. అడవిలో ఉన్నవాళ్ళకు తిండి చేరకూడదని పాలడబ్బాకు కొట్లోనే బొక్క పొడిచి ఇచ్చేవారు. దాచుకోవడానికి లేదు, ఆ పూటే వాడెయ్యాలి. అందుకే టీ చిక్కగా ఉండేదని సామియార్ వేళాకోళమాడేవాడు.

ఆయన చెబితేనే ఆ ఫ్రెంచి నటుడి కథ మాకు తెలిసింది. సామియార్ మేనమామ వడ్రంగి. సినిమా తీసే గాజు కప్పు షెడ్డులో మెట్లూ గోడలూ చేసేవాడు. ఆయన నోట విన్నదే ఇదంతా. నటుడు రొట్టెల కొట్టువాడి కొడుకు. తిరనాళ్ళలో పల్టీలు కొట్టి, పాటలు పాడి బతికేవాడు. సినిమా కంపెనీవాళ్ళకు పైకప్పు మీంచి పడేవాడు కావలసివచ్చి తీసుకెళ్ళారు. పడ్డాడు. జనం మళ్ళీ మళ్ళీ అడిగారు. తరవాత వారానికొక సినిమా. దేశానికొక పేరు పెట్టి పిలిచేవారు. ఆయన బొమ్మ అగ్గిపెట్టెల మీద వేశారు. పక్క దేశం కంపెనీ ఆశ పెట్టి లాక్కుపోయింది, మళ్ళీ వీళ్ళు బతిమాలి తెచ్చుకున్నారు.

"దెబ్బ తగిలేది కాదా సామీ?" అయ్య అడిగేది ఎప్పుడూ ఇదే.

"పొద్దున్నే వచ్చి మెట్లన్నీ అరచేత్తో తడిమేవాడట. మేకు పైకి లేచి ఉంటే మా మామను తిట్టేవాడట. కోటు లోపల దూది."

"దూది!" అయ్య ఎగిరి గంతేశాడు. "ఒలే, ఇన్నావేటే? ఆడికీ దూదేనంట!"

"ఆడి పెళ్ళాం కూడా నాలాగే తిట్టిందేమో అడుగు," అంది అమ్మ.

తరవాతి కథ సామియార్ ఇంకోసారి వచ్చినప్పుడు చెప్పాడు. యుద్ధం వచ్చింది. కంపెనీవాళ్ళు ఆయనకు శత్రుసైనికుడి బట్టలు తొడిగి, ఇప్పుడు పడు అన్నారు. పడ్డాడు. ఎవరూ నవ్వలేదట. జనం ఇళ్ళలో అప్పటికే చావులు. యుద్ధం అయ్యేసరికి అమెరికా నుంచి కొత్త హాస్యగాళ్ళొచ్చారు. ఈయనకు వెనక నిలబడే వేషాలు మిగిలాయి. మాటల సినిమా వచ్చాక అవీ పోయాయి. చివరికి అదే షెడ్డు గేటు దగ్గర కాపలావాడిగా కూర్చున్నాడు. కార్లు దిగే నటులకు తలుపు తీసేవాడు. ఈయనెవరో వాళ్ళకు తెలియదు. ఆయన రీళ్ళను మూటలకొద్దీ అమ్మేశారు. కరిగించి దువ్వెనలు చేశారట.

అయ్య రెండు ఎండు మట్టలు అందుకున్నాడు. బట్టీలో మంట ఎగదోశాడు.

"మరి నేను కూడా లేవమంటారా సామీ, ఆటలో?"

"అది నీ ఇష్టం. నీ ఆట."

అయ్య మందిరంలో మాత్రం లేవలేదు. "ఆ దొర ఆళ్ళ దేశంలో లెగుతాడు గావాల. మన తోటలో పడే ఉంటాడు," అనేవాడు. జనం ఒప్పుకున్నారు.

ఇది మా అయ్యకు వచ్చిన "అదొక్కటి".

ఎమర్జెన్సీ ముదిరింది. సుంగై సిపుట్ వైపు దొరల్ని కాల్చి చంపారన్న మాట వచ్చినప్పటి నుంచి మా లయాల చుట్టూ ముళ్ళకంచె వేశారు. చీకటి పడకముందే గేటు మూత. పనికి పోయేటప్పుడు అన్నం మూట వెంట తీసుకెళ్ళకూడదు. ఆడవాళ్ళ కొంగులు కూడా దులిపి చూసేవారు. అడవిలో ఉన్నవాళ్ళను ప్రభుత్వం బందిపోట్లంటే, మావాళ్ళు గొంతు తగ్గించి అడివోళ్ళు అనేవారు. వాళ్ళకు వ్యతిరేకంగా నోరెత్తితే వాళ్ళు ఊరుకోరు. వాళ్ళ వైపు నిలబడ్డారని అనుమానం వస్తే సర్కారు ఊరుకోదు. ఇండియాలో పుట్టినవాళ్ళనైతే పెళ్ళాం పిల్లలు ఇక్కడుండగానే ఓడెక్కించి పంపేసేవారు. అమ్మా నేనూ ఇక్కడ పుట్టినవాళ్ళం. అయ్య అక్కడ పుట్టినవాడు. అమ్మ ఆ రోజుల్లో దేవుణ్ణి ఒక్కటే అడిగేది, మా ముగ్గుర్నీ ఒక్క చూరు కింద ఉంచమని.

ఒక పొద్దున సర్కారు ప్రచారం లారీ వచ్చింది. మైకులు, సినిమా పెట్టె, ఒక తమిళ ఆఫీసరు. మధ్యాహ్నం ఆట ఉంది, అందరూ రావాలన్నారు. పెద్ద కిరాణి అయ్యను బట్టీ దగ్గరికి వెదుక్కుంటూ వచ్చాడు. చేతిలో ఖాకీ బట్టలు, ఎర్ర నక్షత్రం కుట్టిన టోపీ.

"ఏటోయ్, నీ అదృష్టం పండింది. ఈ బట్టలేసుకుని, నీ కంచాల ఆట ఉంది చూశావూ, అదే ఆడాలి. చిప్పలకి బదులు దొంగ బియ్యం మూటలు పట్టుకో. పడు. పడి చచ్చిపో. అంతే."

"అయ్యగారూ, అది దొర ఆటండి. ఆ ఏసం నాకొద్దండి. అడివోళ్ళు చూస్తే నా పెళ్ళాం పిల్ల ఏటైపోతారండి?"

"ఒద్దంటే ఎలా? నీ పేరు నేనిచ్చేసినాను ఆఫీసరుకి. కాదంటే ఎందుకు కాదన్నాడని రాసుకుంటారు. నువ్వెక్కడ పుట్టావో కార్డులో ఉంది కదా."

నవ్వుతూ చెప్పాడు ఆ మాట. నేను అక్కడే ఉన్నాను, చిప్పలు ఏరుతున్నాను. ఆ నవ్వు ఎలా ఉందో ఇప్పుడు కూడా బొమ్మ గీసి చూపించగలను. అయ్యను అడిగే పనే లేదు ఆయనకు. ముందే ఇచ్చేశాడు, ఇంట్లో కోడిని ఇచ్చినట్టు.

దూది కుట్టడానికి వ్యవధి లేదు. అయ్య ఆ ఖాకీలు ఉన్నపళంగా తొడుక్కున్నాడు.

మైదానంలో ఎండలో ఆట. దొర, పోలీసు అధికారి, కిరాణి ముందు కుర్చీల్లో. మేం గడ్డి మీద. అయ్య మూటలు ఎత్తుకుని వచ్చాడు. కాలు జారింది. అటు వంగాడు, ఇటు వంగాడు. పడ్డాడు. మూటలు చిట్లి ఇసుక కారింది. ఎవరూ నవ్వలేదు. ఠాణా ముందు ఖాకీ బట్టల్లో అడివోళ్ళ శవాలను పడుకోబెట్టి జనాన్ని చూడమనేవారు ఆ రోజుల్లో. మా ముందున్న ముసలమ్మ కళ్ళు మూసుకుంది. కిరాణి ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

అప్పుడు అయ్య లేచాడు.

లేచి, టోపీ వెదుక్కుని, దుమ్ము దులిపి, తలకు పెట్టుకుని, అందరికీ వంగి, దర్జాగా నడిచి వెళ్ళిపోయాడు. తరవాత మైదానం మొత్తం పగలబడి నవ్వింది. గుడ్డ నోట్లో కుక్కుకోకుండా నవ్వారు. నేనూ నవ్వాను. ముందు కుర్చీల్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. పోలీసు అధికారి కిరాణి వైపు తిరిగి, చచ్చిన బందిపోటు లేచి వెళ్ళిపోతే దానర్థమేమిటని అడిగాడట. "నాకేం తెలుసండి, నేను పడమనే చెప్పాను," అన్నాడట కిరాణి.

ఎందుకు లేచావని తరవాత అయ్యను అమ్మ అడిగింది. "తెలీదే. అక్కడ పడుంటే నాను నిజంగా సచ్చినట్టనిపించింది. కాళ్ళే లెగిసినాయి," అన్నాడు. అంతకంటే పెద్ద కారణం ఏదీ ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ఖాకీ బట్టలతోనే ఠాణాకు తీసుకెళ్ళారు. అక్కడ అవి విప్పించి పంచెతో నిలబెట్టారు. ఎలా పడ్డావో చూపించు అన్నారు. సిమెంటు నేల. పడ్డాడు. ఎలా లేచావో చూపించు అన్నారు. లేచాడు. మళ్ళీ అన్నారు. కొత్తగా డ్యూటీకి వచ్చినవాళ్ళు, మేం చూడలేదు, మాకూ చూపించు అన్నారు. మా అయ్య తుంటి ఆ నేల మీద పోయింది. దూది గింజలు ఏరి ఏరి నేను కాపాడిన తుంటి అది. ఒక మలయ్ జవాను మాత్రం ఎవరూ చూడనప్పుడు కొబ్బరినూనె తెచ్చి నడుముకు రాశాడట. ఆ బిడ్డ ఎక్కడున్నా అతని వంశం చల్లగుండాలి. ప్రతి తెల్లారీ ఈ మాట అనుకుంటాను.

అమ్మ నన్ను చంకన వేసుకున్నంత పని చేసి కిరాణి క్వార్టర్సుకు పరిగెత్తింది. ఆయన వచ్చి ఒక్క మాట చెబితే చాలు, ఈ మనిషి ఇలా పడే ఆట ఎప్పటి నుంచో ఆడుతున్నాడు, వేరే ఉద్దేశం లేదని. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఆయన పడుకున్నారమ్మా."

లోపల చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. పుక్కిలించిన చప్పుడు కూడా వినిపించింది. అమ్మ కాసేపు అది వింటూ నిలబడింది. "లెగిసినాక సెప్పండమ్మా," అని నన్ను తీసుకుని వెనక్కు తిరిగింది.

పక్క లయం తమిళ క్రైస్తవురాలు సామియార్‌కు కబురు పెట్టింది. ఆయన మర్నాడు సైకిలేసుకుని వచ్చి అమ్మను వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్ళాడు. అమ్మ వరండాలో నిలబడి తలుపులోంచి చూసింది. లోపల ఇంగ్లీషు అధికారి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఓడ, ఇండియా అన్న మాటలు అమ్మకు అర్థమయ్యాయి. సామియార్ ఏదో చెబుతున్నాడు, చేతులు తిప్పుతున్నాడు. అధికారి నమ్మడం లేదు. అప్పుడు ఆ ముసలాయన ఎండటోపీ తీసి పక్కన పెట్టి, అంగీ సవరించుకుని, ఠాణా నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. అందరూ చూస్తుండగా మెల్లగా లేచి, టోపీకి దుమ్ము దులిపి, తలకు పెట్టుకుని, అధికారికి వంగాడు. ఇది మా దేశపు సినిమా, దాని చివర ఇలాగే ఉంటుంది, ఇందులో బందిపోటెవడూ లేడు అని చెప్పాడట. అధికారి మొహం ఎర్రబడింది. అయ్యను తీసుకుని బయటికి పొండని చెయ్యి ఊపాడు.

అయ్యను ఎడ్లబండిలో పడుకోబెట్టి తెచ్చారు. నా చెయ్యి పట్టుకుని ముందుగా అన్న మాట: "అమ్మీ, ఒక దొర నా కోసం నేలమీద పడుకున్నాడే."

నన్ను కృతజ్ఞత తెలిసిన మనిషంటారు. నిజమే. సామియార్‌కు ఏడుస్తూ దండం పెట్టాను. ఆయన మతం వేరైనా, పోయారని తెలిసినప్పుడు దీపం పెట్టాను. కానీ ఆయన మంచితనం తలుచుకున్నప్పుడల్లా నాకు కిరాణి మీద కోపం రెండింతలవుతుంది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన ముసలాయన నేల మీద పడుకుని లేవగలిగాడు. మన భాష మాట్లాడే మనిషి కుర్చీలోంచి లేవలేకపోయాడు.

అయ్య మళ్ళీ పడలేదు. కుడికాలు ఈడుస్తూ నడిచేవాడు. కోటులోని బూరుగు దూది అమ్మ విప్పేసి, ఆయన తుంటి కిందికి చిన్న దిండు కుట్టింది.

మెర్దేకా, అంటే స్వతంత్రం, వచ్చింది. దేశం మనదైంది అన్నారు. అమ్మ మందిరంలో పొర్లుదండాలు పెట్టింది, మా ముగ్గుర్నీ ఒక్క చూరు కింద ఉంచినందుకు. తోటలో కూడా పండగ చేస్తామన్నారు. పండగ కమిటీ పెద్ద ఎవరు? ఆయనే. చేతిలో పూలదండ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటోయ్, పాత కంచాల ఆట ఒక్కసారి ఎయ్యాలి లా. స్వతంత్రం ఒచ్చింది! దొరగారు కూడా వస్తారు, మేకలు ఆయనే ఇస్తున్నారు. అందుకని ఒక్కటి చూసుకో. ఆయన ముందు దొర అలా పడుండిపోతే బాగోదు. పడ్డాక లెగు. నీకు వచ్చు కదా లెగడం."

అమ్మ పీటతో సహా లేచింది. "ఏటి, ఏటన్నావు? ముందు నడుం ఇచ్చెయ్యమను మావా, తరవాత ఆడుదువుగాని!"

"ఊరుకోయే," అన్నాడు అయ్య. కిరాణి వైపు తిరిగి, "సరేనండి. లెగుతాను," అన్నాడు.

నాకు ఆ క్షణంలో అయ్య మీద కూడా కోపం వచ్చింది.

పండగ నాటి మధ్యాహ్నం మందిరం ముందు తెర కట్టారు. దొర, దొరసాని, కిరాణి ముందు కుర్చీల్లో కూర్చున్నారు. అయ్య కోటు తొడుక్కున్నాడు. దూది లేక అది ఒంటికి వేలాడింది. తెర తీశారు.

అయ్య అప్పటికే పడి ఉన్నాడు. చుట్టూ కొబ్బరి చిప్పలు చెల్లాచెదురుగా ఉన్నాయి. వెల్లకిలా, కదలకుండా ఉన్నాడు. నవ్వబోయినవాళ్ళు ఆగారు. కాసేపటికి ఒక చెయ్యి కదిలింది. మోచెయ్యి ఊనాడు. మోకాలు మడిచాడు. కుడితుంటి దగ్గర ఆగిపోయాడు. పళ్ళు బిగపట్టాడు. పక్కన హార్మోనీ వాయించేవాడు సాయానికి లేవబోతే అయ్య చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. మా లయాల ఆడవాళ్ళు ఊపిరి పట్టుకుని కూర్చున్నారు, పురుడు పోస్తున్నప్పటిలాగా. చివరికి నిలబడ్డాడు. టోపీ వంగి తీసి, దుమ్ము దులిపి, తలకు పెట్టుకున్నాడు. మా వైపు తిరిగి వంగాడు. ముందు కుర్చీల వైపు తిరగలేదు. కాలు ఈడ్చుకుంటూ, దర్జాగానే, వెళ్ళిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కూడా లేవు.

"ఏటిది? పడనే లేదు! ఆట ఎక్కడ?" అని అరిచాడు కిరాణి కుర్చీలో వెనక్కు తిరిగి.

మా అమ్మ ఆడవాళ్ళ మధ్యలోంచి లేచింది. మగవాళ్ళ ముందు గొంతెత్తడం ఆమె పద్ధతి కాదు. ఆ రోజు ఎత్తింది.

"పడ్డాడు కిరాణయ్యా. ఠాణాలో పడ్డాడు. నువ్వు సూడ్లేదు. నువ్వప్పుడు పడుకున్నావు గదా, సెయ్యి కడుక్కుంటా!"

గుంపులో ఎవరో ముసలమ్మ కిసుక్కుమంది. ఆ నవ్వు ఇటు నుంచి అటు పాకింది. దొరకు మన భాష రాదు. ఏమంటోంది అన్నట్టు కిరాణి వైపు వంగాడు. కిరాణి చెమట తుడుచుకుని ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. నాకు ఇంగ్లీషు రాదు. కానీ థాంక్యూ అన్న మాట తెలియనివాళ్ళు మా లయాల్లో లేరు. థాంక్యూ చెబుతోందండి అన్నాడు. దొర నవ్వి, మా అమ్మ వైపు చూసి, తల పంకించాడు.

మా అమ్మ అలాగే నిలబడి ఉంది. తన నోట్లోంచి వచ్చిన మాట తన కళ్ళ ముందే వేరేదైపోయిందని ఆమెకు అర్థమైంది.

క్లాంగ్‌లో విందు అయ్యాక, నేను ఇంటికి బయల్దేరకముందే, ఆ మనవడు పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చి కాళ్ళకు దండం పెడుతున్నాడు. నా దగ్గరికీ వచ్చాడు. నా కళ్ళకు పిల్లవాడే, చెడ్డవాడు కాడు, విన్నది చెప్పాడు. లేవదీసి దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "ఆ బఫూను మా అయ్య నాయనా," అన్నాను.

మొహం వెలిగింది. "అవునా పెద్దమ్మా! మీ అమ్మగారు అందరి ముందూ లేచి తాతగారికి థాంక్స్ చెప్పారట కదా, మెర్దేకా ఫంక్షన్లో? ఇంట్లో ఇప్పటికీ చెబుతారు."

జీవితమంతా కృతజ్ఞత చెప్పుకుంటూ బతికిన దాన్ని. ఆ మాట విలువ నాకు తెలుసు. ఆ పిల్లవాడి చెయ్యి నా చేతిలోనే ఉంది. అది వదలకుండా, చుట్టుపక్కల విస్తళ్ళెత్తుతున్న వాళ్ళు కూడా ఆగి వినేంత గట్టిగా, మా అమ్మ ఆ రోజు ఏమందో అక్షరం పొల్లుపోకుండా, ఆమె యాసలోనే, చెప్పాను.